యౌవనం ఎప్పుడు పోయింది, పెద్దరికం ఎప్పుడు వచ్చింది?

వెనకబెంచీ • శుక్రవారం, రాత్రి 11:20

మంగళవారం రాత్రి నాన్నను ఆసుపత్రిలో చేర్చాం. ఛాతీలో నొప్పి. ఇప్పుడు కుదుటపడ్డారు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. నన్ను పట్టుకుని వదలనిది ఇంకొకటి ఉంది.

కౌంటరులోని గుమస్తా కాగితం నా ముందుకు తోసి, తల ఎత్తకుండానే, “పెద్దవాళ్ళెవరైనా వచ్చారా?” అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే చూశాను. వెనక చక్రాల కుర్చీలో నాన్న. పక్కన అమ్మ, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది. గుమస్తా అడిగింది నా గురించేనని తెలియడానికి రెండు మూడు క్షణాలు పట్టింది. పెన్నును బల్లకు దారంతో కట్టారు. ఆ దారం ఎంత పొట్టిదంటే నడుము వంచితే గానీ సంతకం కుదరదు. అలా వంగి, ‘బాధ్యత వహించే వ్యక్తి’ అన్న గీత మీద నా పేరు రాశాను. ఆ చేతిరాత నాదిలా లేదు.

నాకు 31 ఏళ్ళు. ఉద్యోగం ఉంది, పన్ను కడుతున్నాను, మొదటిసారి ఓటు వేసి పన్నెండేళ్ళు దాటింది. అయినా ఆ ప్రశ్న వినగానే వెనక్కి తిరిగాను. అసలు యౌవనం ఎక్కడ ముగుస్తుంది, పెద్దవాళ్ళం కావడం ఎక్కడ మొదలవుతుంది? ‘వయసు కేవలం ఒక అంకె’ లాంటి జవాబులు మాత్రం వద్దు, దయచేసి.


చట్టంచుట్టం • శుక్రవారం, రాత్రి 11:48

నాన్నగారు కోలుకుంటున్నందుకు సంతోషం.

నల్లకోటు వేసుకుని నలభై ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి నా జవాబు చటుక్కున వస్తుంది: 18. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక కూడా మామూలుగా 18 నిండనివాళ్ళనే పిల్లలు అంటుంది. అయితే ఈ 18 ఎక్కడా రాతి మీద చెక్కి లేదు. బ్రిటన్‌లో 1970 వరకు 21 నిండితేనే మేజర్. అమెరికాలో ఓటుకు 21 ఉండేది. పద్దెనిమిదేళ్ళ పిల్లవాణ్ణి వియత్నాంలో చావడానికి పంపుతారు గానీ ఓటు వేయనివ్వరా అని జనం నిలదీస్తే 1971లో 26వ సవరణ వచ్చింది. భారత్‌లో 61వ రాజ్యాంగ సవరణతో 1989లో 21 నుంచి 18కి దిగింది. జపాన్ అయితే 1876 నుంచి 20ని పట్టుకుని కూర్చుని, 2022 ఏప్రిల్ 1న 18 చేసింది. ఆ దేశంలో 18, 19 ఏళ్ళవాళ్ళందరూ ముందురోజు రాత్రి పిల్లలుగా పడుకుని పెద్దవాళ్ళుగా లేచారు! మద్యానికి, సిగరెట్టుకు మాత్రం అక్కడ ఇప్పటికీ 20 నిండాల్సిందే. అంటే అప్పుపత్రం మీద సంతకం చేయవచ్చు, సీసా మూత మాత్రం తీయకూడదు.

ఆస్ట్రియాలో 2007 నుంచి 16 ఏళ్ళకే ఓటు. భారత్‌లో లోక్‌సభకు నిలబడాలంటే 25, రాజ్యసభకు 30, రాష్ట్రపతి కావాలంటే 35. చిత్రంగా అమెరికాలోనూ అవే అంకెలు: ప్రతినిధుల సభకు 25, సెనేట్‌కు 30, అధ్యక్ష పదవికి 35. చట్టం ఒక్కో పనికి ఒక్కో తలుపు పెట్టి, ఒక్కో తలుపుకు ఒక్కో ఎత్తులో గడియ బిగించింది. ఎవరి చేయి ఏ గడియకు అందితే వాళ్ళు ఆ గదిలోకి వెళ్ళవచ్చు. లోపలికి వెళ్ళినవాడికి బుద్ధి ఉందా లేదా అన్నది దానికి పట్టదు. ఆ బుద్ధి లేనివాళ్ళ వల్లే నా వృత్తి నడిచింది, అది వేరే విషయం.


నత్తగుల్ల • శనివారం, ఉదయం 7:05

నాకు 19. ఆ తలుపు దాటి ఏడాదిన్నర అయింది. అవతల ఏమీ లేదండీ.

ఇంట్లో నన్ను పిలిచే తీరు మీద ఒక నెలపాటు లెక్క రాశాను, క్యాలెండరు వెనక. ‘పెద్దవాడివయ్యావు’ అన్నవి 11 సార్లు. ‘చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు’ అన్నవి 14 సార్లు. ఒక ఆదివారం రెండూ ఒకే వాక్యంలో వచ్చాయి: “ఇంత పెద్దవాడివయ్యాక కూడా చిన్నపిల్లాడిలా ఎదురు మాట్లాడతావా?” అది ఏ గడిలో వేయాలో తెలియక రెండింటిలోనూ వేశాను.

నాకు అర్థమైనంత వరకు, పని చెప్పేటప్పుడు పెద్దవాణ్ణి, అభిప్రాయం చెప్పేటప్పుడు చిన్నవాణ్ణి. దీనికి ముగింపు ఏ వయసులో ఉంటుందో ఎవరైనా చెబితే ఆ తేదీ కూడా క్యాలెండరు మీద రాసుకుంటాను.


ఒంటరికాకి • శనివారం, ఉదయం 7:40

నత్తగుల్ల గారూ, తేదీ కోసం చూడకండి. నాకు 44. పెళ్ళి చేసుకోలేదు. బంధువుల ఇళ్ళలో నా పరుపు ఇప్పటికీ పిల్లల గదిలోనే వేస్తారు. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నవాడైన మా పిన్ని కొడుకు, ఇద్దరు పిల్లల తండ్రి అయినందుకు, పెద్దల మధ్య కూర్చుని ఆస్తుల సంగతులు మాట్లాడతాడు. నన్ను మాత్రం “నువ్వు ఖాళీయే కదా, ఆ కుర్చీలు ఇటు వేయి” అంటారు.

వేస్తాను. పిల్లల గదిలో సంభాషణ కూడా మెరుగ్గానే ఉంటుంది.


నైట్‌డ్యూటీ • శనివారం, మధ్యాహ్నం 2:15

వైద్యవిద్య చదువుతున్నాను. ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా, పది జవాబులు దాటకముందే ఎవరో ఒకరు “మెదడు 25 ఏళ్ళకు పూర్తవుతుంది” అంటారు. ఎవరూ అనకముందే నేనే వచ్చేశాను.

నుదురు వెనక ఉండే భాగం తొందరపాటును ఆపడం, ముందుచూపు వంటి పనులు చూస్తుంది. అది మిగతా భాగాలకన్నా ఆలస్యంగా పక్వానికి వస్తుందన్నది నిజం. 1999 నుంచి, ఒకే పిల్లలను ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ఎంఆర్ఐ తీసిన అధ్యయనాలు దీన్ని చూపిస్తూ వచ్చాయి. పద్దెనిమిదేళ్ళలోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 2005లో 5–4 తేడాతో ఇచ్చిన తీర్పు నాటికి ఈ వాదన కోర్టుల దాకా చేరింది. కానీ 25వ పుట్టినరోజున మెదడులో దీపం వెలగదు. మార్పు నున్నటి వాలులా సాగుతుంది. ఆ వాలు మీద ఒకచోట కర్ర పాతి ‘ఇక్కడ’ అనడం మన అవసరం. పైగా మనిషికీ మనిషికీ మధ్య తేడాలు చాలా ఎక్కువ.

2025 చివర్లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఒక కొత్త లెక్క చెప్పారు. మెదడులోని సంబంధాల అల్లిక పుట్టుక నుంచి ముసలితనం వరకు ఎలా మారుతుందో పరిశీలిస్తే, నాలుగు మలుపులు కనిపించాయట: సుమారు 9, 32, 66, 83 ఏళ్ళ దగ్గర. అంటే కౌమారపు పోకడ సగటున 32 దాకా నడుస్తుంది. వెనకబెంచీ గారూ, ఆ కౌంటరు దగ్గర మీరు వెనక్కి తిరగడానికి ఇంకా ఏడాది గడువు ఉందన్నమాట. ఇది హాస్యం. ఆ అంకెను కూడా ఎవరూ నుదుటిన రాసుకోవద్దు.


చట్టంచుట్టం • శనివారం, మధ్యాహ్నం 2:50

ఎంఆర్ఐ లేకుండానే రోమన్లు 25కు చేరారు, గమనించారా? మగపిల్లలకు 14 దాటితే వాళ్ళ చట్టంలో బాల్యం ముగిసేది. కానీ కుర్రవాళ్ళను మోసం చేసి ఆస్తులు రాయించుకునేవాళ్ళు పెరిగేసరికి, 25 నిండనివాళ్ళకు బేరసారాల్లో రక్షణ కల్పిస్తూ క్రీస్తుపూర్వం 200 ప్రాంతంలోనే చట్టం చేశారు. న్యూరాన్లు చూసి కాదు, మోసపోయిన మొహాలు చూసి.


ఇనుపగజ్జె • శనివారం, సాయంత్రం 5:30

మీరంతా తెలివైనవాళ్ళు, కానీ అసలు మాట ఎవరూ అనడం లేదు. ఈ తరం ఎదగడం లేదు. మా రోజుల్లో 22కు ఉద్యోగం, 23కు పెళ్ళి, 25కు సంసారం భుజాన వేసుకుని నడిచాం. ఎవరినీ అడగలేదు, ఎక్కడా చర్చ పెట్టలేదు. ఇప్పుడు 31 ఏళ్ళవాడు కాగితం మీద సంతకం చేయడానికి వెనక్కి తిరిగి చూశానని రాసుకుంటున్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు.


మేడమీదమొక్క • శనివారం, సాయంత్రం 6:10

మొక్కను నా ముందు తిట్టకండి, పేరులోనే పెట్టుకున్నాను.

ఇనుపగజ్జె గారూ, ఆ సామెత చెప్పేది క్రమశిక్షణ గురించి. ఆ అబ్బాయి వంగే సంతకం పెట్టాడు, పెన్ను దారం పొట్టిదని రాశాడుగా. ఇక ‘మా రోజుల్లో’ అన్నదాని గురించి ఒక లెక్క. అమెరికా జనగణనవాళ్ళు మొదటి పెళ్ళి వయసు చాలాకాలంగా రాసి ఉంచారు. అక్కడి మగవాళ్ళకు మధ్యస్థ వయసు 1890లో 26 దాటింది. 1950కి 23 లోపుకు పడిపోయింది. ఇప్పుడు 30 దాటింది. చిన్న వయసు పెళ్ళిళ్ళు అనాదిగా ఉన్నాయనీ ఇప్పుడే చెడిందనీ అనుకుంటాం గానీ, కనీసం అక్కడ, ఆ తొందర మధ్యలో వచ్చి మధ్యలో పోయింది. చదువు ముగించిన మర్నాడే స్థిరమైన జీతం దొరికిన కాలం అది. జీతం ఆలస్యమైతే సంసారం ఆలస్యమవుతుంది, సంసారం ఆలస్యమైతే ‘ఎదగలేదు’ అంటాం. ఎదుగుదలను జీతం చీటీతో కొలుస్తున్నామేమోనని నా అనుమానం.

ముప్ఫై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. 22కే సంసారం భుజాన వేసుకుని, 50 వచ్చినా పక్కవాడి మార్కులు చూసి ఏడ్చే తండ్రులను ఎంతమందిని చూశానో.


పరుగుపుస్తకం • శనివారం, రాత్రి 9:00

పరుగు పందాలకు శిక్షణ ఇస్తాను. మా దగ్గర ఈ ప్రశ్నకు జవాబు చేతి గడియారంలోనే ఉంటుంది.

నేను 400 మీటర్లు పరిగెత్తేవాణ్ణి. పదహారో ఏట నుంచి ప్రతి పరుగు సమయమూ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. 26 వరకు అంకెలు దిగుతూ వచ్చాయి. 27లో ఆగాయి. నిద్ర సరిపోలేదనుకున్నాను, బూట్లు మార్చాను, గాలి ఎదురొచ్చిందని పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఒక సాయంత్రం రెండో మలుపులో పక్కనుంచి ఒక ఊపిరి వినిపించింది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పదిహేడేళ్ళ పిల్లవాడు. కాసేపు ఊపిరి, ఆ తర్వాత భుజం, ఆ తర్వాత వీపు. వాడు పెద్దగా కష్టపడటం కూడా లేదు. ఆ రోజు సమయం రాయలేదు. నా యౌవనం ముగిసింది ఆ మలుపులో. తేదీతో సహా చెప్పగలను, ఖాళీగా వదిలిన ఆ గీత ఇంకా పుస్తకంలో ఉంది.

కానీ పెద్దవాణ్ణి అయ్యానా అంటే, లేదు. తొమ్మిదేళ్ళు పట్టింది. 36లో ఉండగా ఒక పిల్లవాడి మోకాలు చెడిపోతోందని నాకు తెలిసింది. వాడికి తెలియదు, వాడి ఇంట్లోవాళ్ళకు తెలియదు, నెలలో పెద్ద పోటీ ఉంది. వాడు పరిగెత్తితే నాకు పేరు. ఇంటికి వెళ్ళి, ఆపేయండి అని చెప్పి వచ్చాను. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆ ఇంటి మెట్లు దిగుతున్నప్పుడు నా మోకాళ్ళే వణికాయి.

అందుకే వెనకబెంచీ గారి ప్రశ్నతోనే నాకు పేచీ. మీరు ఒక గీత గీసి, దానికి ఇటువైపు యౌవనం, అటువైపు పెద్దరికం అనుకుంటున్నారు. నా విషయంలో అవి రెండు వేర్వేరు తేదీలు. మధ్య తొమ్మిదేళ్ళు నేను కుర్రవాణ్ణీ కాదు, పెద్దవాణ్ణీ కాదు. ఎదిగిన శరీరంలో అద్దెకు ఉన్నట్టు ఉన్నాను.


ఇంటిపెద్దకూతురు • శనివారం, రాత్రి 10:25

పరుగుపుస్తకం గారి జవాబు రెండుసార్లు చదివాను. నాకు ఆ రెండు తేదీలూ తారుమారుగా వచ్చాయి.

నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మ మంచం పట్టింది. తమ్ముడికి ఆరు, చెల్లికి నాలుగు. ఆ వయసులో నాకు వచ్చిన విద్యలు: జ్వరం ఎంతో నుదురు తాకి చెప్పడం, కిరాయి అడగడానికి వచ్చిన మనిషితో తలుపు సగమే తీసి మాట్లాడటం, చెల్లి ఏడవకుండా జడ వేయడం. ఎవరూ నన్ను పెద్దదానివయ్యావా అని అడగలేదు, అవసరం రాలేదు.

తమ్ముడికి ఉద్యోగం వచ్చిన నెలలో నాకు 29. మొదటి జీతం తెచ్చి నా చేతిలో పెట్టాడు. వద్దన్నాను, నువ్వే ఉంచుకో అన్నాను. ఆ వారమే ఈత నేర్చుకోవడానికి చేరాను. పెద్దవాళ్ళ జట్టు లేదట. ఎనిమిదేళ్ళ పిల్లలతో కలిసి నడుము లోతు నీళ్ళలో, కడ్డీ పట్టుకుని కాళ్ళు కొట్టాను. ఒక పిల్ల నాకు ధైర్యం చెప్పింది: “భయం వేస్తే కళ్ళు మూసుకోండి ఆంటీ, నేనూ అంతే.” ఎంత నవ్వానో. ఇంటికి వచ్చి తల తుడుచుకుంటుంటే తెలిసింది, యౌవనం అంటారే, అది నాకు ఇప్పుడు మొదలైందని. అందరికీ పోయే వయసులో నాకు వచ్చింది. నాలుగేళ్ళు ఉంది. బాగుండింది.

చిన్నప్పుడే పెద్దదాన్నయ్యానని అందరూ మెచ్చుకునేవారు. దయచేసి అలాంటి పిల్లలు కనిపిస్తే మెచ్చుకోవద్దు. వీలైతే ఆ పూట వాళ్ళ పని ఒకటి మీరు చేయండి.


నత్తగుల్ల • శనివారం, రాత్రి 10:40

అక్కా, ఇంతకీ ఈత వచ్చిందా?


ఇంటిపెద్దకూతురు • శనివారం, రాత్రి 10:44

వచ్చింది తమ్ముడూ. వెల్లకిలా మాత్రమే.


పదకోశం • ఆదివారం, ఉదయం 8:30

మాటల వైపు నుంచి ఒకటి రెండు సంగతులు.

ఇంగ్లీషులో ‘అడోలసెంట్’, ‘అడల్ట్’ రెండూ ఒకే లాటిన్ క్రియ పిల్లలు. మొదటిది ‘ఎదుగుతున్న’, రెండోది ‘ఎదిగిన’. వర్తమానం ఒకటి, భూతకాలం ఒకటి. అంటే ఆ భాషలో పెద్దవాడు అంటే ఎదుగుదల ముగిసిపోయినవాడు. ఇక మన ‘యువ’, వాళ్ళ ‘జువెనైల్’ దూరపు చుట్టాలే, సంస్కృతంలోని ‘యువన్’, లాటిన్‌లోని ‘యువెనిస్’ ఒకే మూలం నుంచి వచ్చాయి.

తెలుగులో ‘పెద్ద’ మాత్రం పూర్తిగా వేరే జాతి మాట. అది వయసు చెప్పదు, వరసలో చోటు చెబుతుంది. చెల్లి పుట్టిన పూటే మూడేళ్ళ పిల్ల ‘పెద్దమ్మాయి’ అయిపోతుంది. ఎనభై ఏళ్ళాయన తన అన్న ముందు ‘చిన్నవాడే’. ‘పెద్దమనిషి’ సంగతి ఇంకా విచిత్రం: ఆడపిల్ల పన్నెండు పదమూడేళ్ళకే అయిపోతుంది, మగవాడు ఊరంతా నమ్మేదాకా కాలేడు. ఒకే మాట, ఒకరి విషయంలో శరీరానికి, ఇంకొకరి విషయంలో పరువుకు. ఈ తేడా గురించి రాయబోతే ఈ చర్చ ఇక్కడితో ఆగదు కాబట్టి ఆపుతున్నాను.

గుమస్తా అడిగింది తెలుగులో. “పెద్దవాళ్ళెవరైనా వచ్చారా” అంటే వయసు నిండినవాళ్ళు ఉన్నారా అని కాదు. వచ్చినవాళ్ళ వరసలో ముందు ఎవరు అని. నాన్నగారు ముందు ఉన్నంతకాలం మీరు రెండోవారు. ఆయన కుర్చీలో కూర్చున్నారు, వరస జరిగింది. మీరు వెనక్కి తిరిగింది ఎదగకపోవడం వల్ల కాదనుకుంటాను. అలవాటైన చోట ఆయన కోసం చూశారు, అంతే.


ఒంటరికాకి • ఆదివారం, ఉదయం 9:10

అయితే పదకోశం గారి లెక్క ప్రకారం, తల్లిదండ్రులు ఉన్నంతకాలం ఎవరూ పెద్దవాళ్ళు కారా?


మేడమీదమొక్క • ఆదివారం, ఉదయం 9:55

కారు అంటే నేను ఒప్పుకోను. నాకు 63. మా అమ్మకు 86. ఫోను ఎత్తగానే “గొంతు అలా ఉందేమిటి, తల తడి ఆరకుండా పడుకున్నావా” అంటుంది. అమ్మ దగ్గర నేను చిన్నదాన్నే, ఆ హోదా వదులుకునే ఉద్దేశం కూడా లేదు. అయినా ఒకచోట పెద్దదాన్ని అయ్యాను, అది నాకు గుర్తుంది.

అప్పుడు 24 ఏళ్ళు. బడిలో చేరి రెండో వారం. నా పెన్ను పోయింది. వెనక వరసలో ఒక పిల్లవాడు ఉండేవాడు, అంతకుముందు రెండు దొంగతనాలు అంటగట్టి ఉన్నారు కాబట్టి అందరూ వాడివైపే చూశారు, నేనూ చూశాను. బయట నిలబెట్టాను. గంటసేపు. వాడు ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి సంచీ దులిపితే, అస్తరు చిరిగిన చోటునుంచి పెన్ను జారిపడింది.

ఎవరికీ తెలియదు. ఆ పెన్ను పెట్టెలో పడేసి కొత్తది కొనుక్కుంటే సరిపోయేది. రాత్రంతా ఆ ఆలోచనే చేశానని ఒప్పుకుంటున్నాను. మర్నాడు 42 మంది పిల్లల ముందు పెన్ను చేత్తో పట్టుకుని, ఇది నా సంచీలోనే ఉంది, తప్పు నాది అన్నాను. వాడు తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అప్పుడు నా పైన పెద్దవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు: అమ్మ, నాన్న, ప్రధానోపాధ్యాయుడు. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దనేవారు, పిల్లల దగ్గర చులకనైపోతావని.


నైట్‌డ్యూటీ • ఆదివారం, ఉదయం 11:30

టీచరుగారు చెప్పినది, పరిశోధకులు జనాన్ని అడిగి రాసుకున్నదానికి దగ్గరగానే ఉంది. జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ఒక వాదన చేశారు: 18 నుంచి 25 దాకా ఉన్న దశ కౌమారమూ కాదు, పూర్తి పెద్దరికమూ కాదు, దానికి వేరే పేరు ఉండాలని. మీరు పెద్దవాళ్ళయ్యారా అని ఆ వయసువాళ్ళను అడిగితే చాలామంది “కొన్నింటిలో అవును, కొన్నింటిలో కాదు” అన్నారట. దేన్ని బట్టి చెబుతారు అంటే ముందు వరసలో వచ్చినవి మూడు: తన బాధ్యత తానే తీసుకోవడం, సొంతంగా నిర్ణయించుకోవడం, డబ్బు విషయంలో ఇంకొకరి మీద ఆధారపడకపోవడం. పెళ్ళి, చదువు ముగించడం, ఉద్యోగంలో కుదురుకోవడం ఎక్కడో అడుగున ఉన్నాయి.

ఒంటరికాకి గారూ, ఈసారి కుర్చీలు వేయమంటే ఈ మాట చెప్పండి.

అయితే ఆ వాదన మీద విమర్శ కూడా ఉంది. వెతుక్కోవడానికి ఏడేళ్ళ తీరిక దొరికేది చదువూ ఆసరా ఉన్నవాళ్ళకే కదా అని. ఇంటిపెద్దకూతురు గారికి ఆ దశ ఎక్కడ ఉంది?


పరుగుపుస్తకం • ఆదివారం, మధ్యాహ్నం 12:20

నా మాటకు చిన్న తోక. చట్టంచుట్టం గారి జాబితాలో 35 చూసి నవ్వొచ్చింది. పరుగుల్లో 35 నిండితే ‘మాస్టర్స్’ పోటీల్లో పడతాం, మర్యాదగా అనడానికి ఆ పేరు, అర్థం వెటరన్ అని. అదే 35కు మీ రాష్ట్రపతి పదవికి అప్పుడే అర్హత మొదలు. ఆఫ్రికన్ యూనియన్ 2006లో తెచ్చిన యువజన ఒడంబడికలో 15 నుంచి 35 దాకా యువతే. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత 24కే ముగుస్తుంది. ఒకే మనిషి, ఒకే పుట్టినరోజు: మైదానంలో ముసలివాడు, ఒక గుమ్మం దగ్గర అప్పుడే వచ్చినవాడు, ఇంకో జాబితాలో కుర్రవాడు.


చట్టంచుట్టం • ఆదివారం, మధ్యాహ్నం 12:45

గణితంలో ఇంకా దయ చూపిస్తారు. ఫీల్డ్స్ మెడల్ 40 దాటనివాళ్ళకే. ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని మూడు శతాబ్దాల తర్వాత నిరూపించిన ఆండ్రూ వైల్స్ ఆ పని పూర్తిచేసేసరికి 40 దాటేశారు. నిబంధన నిబంధనే, మెడల్ లేదు. 1998లో ప్రత్యేకంగా ఒక వెండి ఫలకం ఇచ్చారు. ఆ నిరూపణకు ఏడేళ్ళు గదిలో కూర్చున్న మనిషిని, నువ్వు కాస్త ముసలివాడివయ్యావు అన్నట్టే కదా అది.


ఇనుపగజ్జె • ఆదివారం, మధ్యాహ్నం 3:15

నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడాను. పెన్ను సంగతి చదివాక నాకు ఒకటి గుర్తొచ్చింది, అది ఇక్కడ రాయను. 23కు పెళ్ళయింది అన్నాను. పెద్దవాణ్ణి మాత్రం అప్పుడు కాలేదు. మా ఆవిడను అడిగితే ఇంకా ఎదురుచూస్తున్నానంటుంది.


నిర్వాహకుడు • ఆదివారం, సాయంత్రం 4:00

ఫీల్డ్స్ మెడల్ అన్యాయమా కాదా అన్న వాదన కోసం ఎవరో పక్కన పద్నాలుగు జవాబులు మొదలుపెట్టారు. వాటిని గణితం విభాగానికి తరలించాను. ఇక్కడ అసలు విషయం కొనసాగించండి.


వెనకబెంచీ • సోమవారం, రాత్రి 10:10

నాన్న ఈ రోజు ఇంటికి వచ్చారు. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, అన్నీ చదివాను. కొన్ని అమ్మకు చదివి వినిపించాను. ఈత సంగతి రెండుసార్లు చదివించుకుంది.

పదకోశం గారు వరస అన్నారు. ఈ రోజు పంపించే ముందు నర్సు మాత్రల గురించి చెప్పింది. ఏది పొద్దున, ఏది రాత్రి, ఏది మానకూడదు. అన్నీ నాకే చెప్పింది. నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు, ఆయన మాత్రలు, ఆయన గుండె. మధ్యలో ఆపి, ఆయనకే చెప్పండి, నేను వింటాను అన్నాను. నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని చీటీ అందుకున్నారు. రెండు ప్రశ్నలు అడిగారు, రెండూ నాకు తట్టనివి.

దారిలో ఆయన్నే అడిగాను, మీరు ఎప్పుడు పెద్దవారయ్యారని. చాలాసేపు కిటికీలోంచి చూసి, “ఏమో, నువ్వు పుట్టినప్పుడు అనుకునేవాణ్ణి” అన్నారు. మరి కాదా అంటే, “అప్పుడు భయం వేసింది, అంతే” అన్నారు. ఆ తర్వాత నిద్రపోయారు.

పరుగుపుస్తకం గారు చెప్పిన రెండు తేదీల్లో నాకు ఒకటే దొరికింది. యౌవనం పోయిందో లేదో ఇంకా తెలియలేదు. నా దగ్గర నోటుపుస్తకం లేదు.


నత్తగుల్ల • సోమవారం, రాత్రి 10:32

అన్నా, సమయం కాని సమయంలో అడుగుతున్నాను. వసతిగృహం దరఖాస్తు నింపుతున్నాను, రేపు ఆఖరు రోజు. ‘సంరక్షకుని సంతకం (దరఖాస్తుదారు మైనర్ అయితే)’ అని ఒక గీత ఉంది. నాకు 19 కదా, ఖాళీగా వదిలేయనా? నాన్న పడుకున్నారు, లేపితే తిడతారు.


వెనకబెంచీ • సోమవారం, రాత్రి 10:35

ఖాళీగా వదలకు, గీత నింపలేదని వెనక్కి పంపుతారు. ‘వర్తించదు’ అని రాయి. కింద దరఖాస్తుదారు సంతకం అని ఇంకో గీత ఉంటుంది, చూడు. అక్కడ నీది పెట్టు. నీలం సిరాతో.